మోస్లే గీసిన సరళరేఖ

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి చేతికి వచ్చే వస్తువులలో గ్రాఫు కాగితం మిక్కిలి సామాన్యమైనది. దాని మీద రెండు అక్షాలు గీసి, స్కేలు నిర్ణయించి, పట్టికలోని అంకెలను బిందువులుగా గుర్తించి, వాటి మీదుగా ఒక రేఖను లాగితే పని ముగిసిందనిపిస్తుంది. కాని మానవుడు ప్రకృతిని అర్థం చేసుకున్న చరిత్రలో కొన్ని గ్రాఫులకు మహాగ్రంథాలకున్నంత విలువ ఉంది. 1914వ సంవత్సరంలో హెన్రీ మోస్లే అనే ఇరవైఆరేళ్ల యువకుడు ప్రచురించిన గ్రాఫు అటువంటిది. ఆ కాగితం మీద వరుసగా నిలిచిన చుక్కలు మూలకాల క్రమాన్ని స్థిరపరిచాయి; అప్పటికి ఎవరికీ దొరకని మూలకాలు ఏ స్థానాలలో ఉండాలో చూపాయి; పరమాణు నిర్మాణాన్ని గురించి అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్న ఒక సిద్ధాంతానికి బలం చేకూర్చాయి. ఆ గ్రాఫు వెలువడిన పదహారు నెలలకే దానిని గీసిన చేయి యుద్ధభూమిలో నిశ్చేష్టమైంది.

హెన్రీ గ్విన్ జెఫ్రీస్ మోస్లే 1887 నవంబరు 23న ఇంగ్లండు దక్షిణ తీరంలోని వేమత్ పట్టణంలో జన్మించాడు. అతనిది విద్వాంసుల కుటుంబం. పితామహుడు గణితశాస్త్రంలో పేరు పొందినవాడు. తండ్రి హెన్రీ నాటిడ్జ్ మోస్లే ప్రకృతి శాస్త్రవేత్త. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలను శోధించిన చాలెంజర్ నౌకాయాత్రలో పాల్గొని, తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. తల్లి అమబెల్ కూడ శాస్త్రజ్ఞుని కుమార్తె. ఆమె తండ్రి జాన్ గ్విన్ జెఫ్రీస్ సముద్రపు గుల్లల పరిశోధనలో నిపుణుడు. ఇట్లా ఇరువైపుల నుంచి విద్యాసంపద వారసత్వంగా లభించినా, పితృప్రేమ మాత్రం ఆ బాలునికి ఎక్కువకాలం దక్కలేదు. 1891లో తండ్రి మరణించే నాటికి హెన్రీకి నాలుగేళ్లు నిండలేదు. నాటి నుంచి తల్లియే అతనికి సర్వస్వమైంది. పెద్దవాడై దూరప్రాంతాలలో పనిచేసిన రోజులలోను అతడు తన పరిశోధనల ముచ్చట్లు తల్లికి జాబులలో వ్రాస్తూ ఉండేవాడు.

బాల్యంలోనే మోస్లే బుద్ధికుశలత బయటపడింది. 1901లో అతడు ఉపకార వేతనం సంపాదించుకొని ప్రసిద్ధమైన ఈటన్ పాఠశాలలో చేరాడు. అక్కడ 1906లో భౌతిక, రసాయన శాస్త్రాలలో బహుమతులు పొందాడు. అదే సంవత్సరం ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలో ప్రవేశించాడు. 1910లో పట్టం పుచ్చుకొన్నాడు కాని, అందరూ ఆశించిన ప్రథమశ్రేణి రాలేదు. ద్వితీయశ్రేణితో తృప్తి పడవలసి వచ్చింది. పరీక్షా ఫలితం ఒక మనిషి మేధకు తుదికొలత కాదనడానికి అతని తరువాతి నాలుగేళ్ల జీవితమే నిదర్శనం.

ఆ ఏడే మోస్లే మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో చేరాడు. పరమాణువు మధ్యభాగంలో ధనావేశం గల అతి చిన్న కేంద్రకం ఉన్నదని రూథర్‌ఫర్డ్ 1911లో ప్రకటించాడు. ఆ రోజులలో ఆ ప్రయోగశాల నూతన భావాలకు పుట్టినిల్లు. మోస్లే మొదట విద్యార్థులకు ప్రయోగపాఠాలు చెప్పే పనిలో ఉంటూ, తీరిక వేళలలో రేడియోధార్మికత మీద పరిశోధన సాగించాడు. తరువాత బోధనభారం లేని పరిశోధక వేతనం లభించింది. అతని శ్రమశీలత తోటివారిని ఆశ్చర్యపరిచేది. పని మొదలుపెడితే పగలు, రాత్రి అనే భేదం ఉండేది కాదు. తెల్లవారుజామున మూడు గంటలకు మాంచెస్టర్ నగరంలో భోజనం ఎక్కడ దొరుకుతుందో అతనికి బాగా తెలుసునని మిత్రులు చెప్పుకొనేవారు.

మోస్లే చేపట్టిన సమస్య గొప్పతనం తెలియాలంటే నాటి రసాయనశాస్త్ర పరిస్థితిని కొంత తెలుసుకోవాలి. రష్యా దేశస్థుడైన మెండలీఫ్ 1869లో మూలకాలను పరమాణు భారాల ఆరోహణక్రమంలో అమర్చి ఆవర్తన పట్టికను నిర్మించాడు. ఒకే రకమైన ధర్మాలు గల మూలకాలు ఆ పట్టికలో ఒకే వర్గంలోకి వచ్చాయి. కాని కొన్నిచోట్ల క్రమం తప్పింది. టెల్లూరియం భారం 127.6, అయొడీను భారం 126.9. భారాన్ని బట్టి చూస్తే అయొడీను ముందు రావాలి. ధర్మాలను బట్టి చూస్తే టెల్లూరియమే ముందుండాలి. ఆర్గాను, పొటాషియముల విషయంలోను, కోబాల్టు, నికెలుల విషయంలోను ఇదే చిక్కు. శాస్త్రజ్ఞులు ధర్మాలకే విలువనిచ్చి మూలకాలను స్థానం మార్చి కూర్చోబెట్టారు. అట్లా మార్చడానికి ఆధారమేమిటని ఎవరైనా ప్రశ్నిస్తే సూటియైన సమాధానం లేదు. ఒక మూలకానికి పట్టికలో పదవ స్థానమో, ఇరవయ్యవ స్థానమో ఇచ్చే అంకె కేవలం వరుస సంఖ్యగానే ఉండేది. వృత్తిరీత్యా న్యాయవాదియైన వాన్ డెన్ బ్రూక్ అనే డచ్చి దేశస్థుడు, ఆ వరుస సంఖ్యయే పరమాణు కేంద్రకంలోని ధనావేశాల సంఖ్య కావచ్చునని సూచించాడు. ఊహ చక్కనిదే. కాని దానికి ప్రయోగపూర్వకమైన ఋజువు కావాలి.

ఆ ఋజువుకు దారి ఎక్స్ కిరణాల నుంచి దొరికింది. 1912లో జర్మనీలో లావే, అతని సహచరులు ఎక్స్ కిరణాలను స్ఫటికం గుండా పంపినప్పుడు అవి వివర్తనం చెందుతాయని కనుగొన్నారు. వెంటనే ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు, స్ఫటికం మీద పడి పరావర్తనం చెందిన కిరణాల కోణాన్ని కొలిచి వాటి తరంగదైర్ఘ్యాన్ని లెక్కకట్టే పద్ధతిని ఏర్పరిచారు. మోస్లే ఈ కొత్త విద్య పట్ల ఆకర్షితుడైనాడు. జీవపరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ మనుమడైన చార్లెస్ గాల్టన్ డార్విన్ గణితంలో దిట్ట. అతనితో కలిసి మోస్లే ఎక్స్ కిరణాల పరావర్తనాన్ని పరిశోధించి 1913లో వ్యాసం ప్రకటించాడు. ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన ఎక్స్ కిరణాలను వెలువరిస్తుందని బార్‌క్లా అనే శాస్త్రజ్ఞుడు అంతకుముందే గుర్తించి, వాటిని కె, ఎల్ శ్రేణులుగా విభజించి ఉన్నాడు. ఆ కిరణాల తరంగదైర్ఘ్యాన్ని ఒక్కొక్క మూలకానికి ఖచ్చితంగా కొలిస్తే, వాటికీ మూలకం స్థానానికీ సంబంధమేమిటో తేలుతుంది. మోస్లే సంకల్పం అదే. 1913 వేసవిలో నీల్స్ బోర్ మాంచెస్టర్‌కు వచ్చినప్పుడు వారి మధ్య ఈ విషయమే చర్చకు వచ్చింది.

పరికరాన్ని మోస్లే స్వయంగా రూపొందించుకొన్నాడు. గాలి తీసివేసిన గాజు గొట్టంలో సన్నని పట్టాలు అమర్చి, వాటి మీద చిన్న బండిని నిలిపాడు. ఆ బండి మీద వేర్వేరు లోహాల ముక్కలను వరుసగా పేర్చాడు. చేపలు పట్టే పట్టుదారాన్ని బండికి కట్టి, రెండువైపుల ఉన్న కండెల మీద చుట్టి, కావలసిన లోహం ఎలక్ట్రానుల ధారకు ఎదురుగా వచ్చేటట్లు లాగేవాడు. ఒక్కొక్క లోహానికి గొట్టాన్ని విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ గాలి తీయవలసిన శ్రమ దీనితో తప్పింది. మరొక లాభం కూడ ఉంది. అన్ని లోహాలకు పరికరం ఒకటే, స్ఫటికం ఒకటే, దూరాలు అవే. కాబట్టి కొలతలను ఒకదానితో ఒకటి సరిపోల్చడానికి సందేహం మిగలలేదు. లోహం నుంచి వెలువడిన కిరణాలు పలుచని పొర గుండా బయటకు వచ్చి, పొటాషియం ఫెర్రోసైనైడ్ స్ఫటికం మీద పడి, పరావర్తనం చెంది, ఛాయాచిత్ర ఫలకం మీద గీతలుగా ముద్రపడేవి. ఆ గీతల స్థానం నుంచి కోణం, కోణం నుంచి తరంగదైర్ఘ్యం, తరంగదైర్ఘ్యం నుంచి పౌనఃపున్యం లభించేవి.

ఈ విధంగా కాల్షియం మొదలు జింకు వరకు గల మూలకాలలో స్కాండియం తప్ప తక్కినవన్నీ పరీక్షకు వచ్చాయి. జింకుకు బదులు రాగి, జింకుల మిశ్రమమైన ఇత్తడిని ఉపయోగించాడు. ఇత్తడి చిత్రంలో ఆ రెండు లోహాల గీతలూ వేర్వేరుగా కనిపించాయి. కోబాల్టు ముక్క చిత్రంలో ఇనుము, నికెలుల గీతలు కూడ సన్నగా అగుపించాయి. తన నమూనాలో ఆ మాలిన్యాలు కలిసి ఉన్నాయని మోస్లే గ్రహించాడు. అనుకోని గీత కనబడితే దానిని తుడిచివేయక, అది ఎక్కడి నుంచి వచ్చిందని ప్రశ్నించడమే అతని పద్ధతి. ఆ ప్రశ్న నుంచే, ఎక్స్ కిరణ వర్ణపటం రసాయన విశ్లేషణకు శక్తిమంతమైన సాధనం కాగలదన్న ఆలోచన పుట్టింది. ఛాయాచిత్రాలను ఒకదాని కింద ఒకటి సరిగా అమర్చి చూడగా, గీతలు మెట్లవలె క్రమంగా పక్కకు జరుగుతూ పోయాయి. శాస్త్రగ్రంథాలలో దానికి మోస్లే నిచ్చెన అనే పేరు స్థిరపడింది. కాల్షియానికీ టైటానియానికీ మధ్య మాత్రం ఒక మెట్టు వెడల్పుగా కనిపించింది. అది పరీక్షించని స్కాండియం స్థానం.

ఛాయాచిత్రం కంటికి అందమైన క్రమాన్ని చూపింది. కాని ఆ క్రమం ఏ నియమాన్ని అనుసరిస్తున్నదో చెప్పలేదు. ఆ పని గ్రాఫు చేసింది. ఇక్కడ మోస్లే నిర్ణయించుకోవలసినవి రెండు: నిలువు అక్షం మీద ఏ రాశిని తీసుకోవాలి, అడ్డు అక్షం మీద ఏ రాశిని తీసుకోవాలి. ఈ ఎంపికలోనే సగం విజయం ఇమిడి ఉంది. తరంగదైర్ఘ్యాన్ని ఉన్నది ఉన్నట్లుగా గుర్తిస్తే వంపు తిరిగిన రేఖ వస్తుంది. పౌనఃపున్యాన్ని గుర్తించినా వంపురేఖయే వస్తుంది. వంపురేఖను చూసి అది ఏ సూత్రానికి చెందినదో కంటితో తేల్చడం కష్టం. ఒక వంపుకూ దాని పక్కనున్న మరొక వంపుకూ భేదం తెలియదు. సరళరేఖ విషయం అట్లా కాదు. అది తిన్నగా ఉన్నదా, లేదా అన్నది స్కేలు ఆనించి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. బోర్ సిద్ధాంతాన్ని బట్టి పౌనఃపున్యం కేంద్రకావేశం యొక్క వర్గానికి అనుపాతంలో ఉండాలి. అదే నిజమైతే పౌనఃపున్యానికి వర్గమూలం తీసి గుర్తించినప్పుడు బిందువులు సరళరేఖ మీద నిలవాలి. మోస్లే వర్గమూలాన్నే ఎన్నుకొన్నాడు.

ఈ ఎంపిక ఎట్లా ఫలించిందో నేడు అంగీకరించిన కొలతలతో మనమే పరీక్షించవచ్చు. కె శ్రేణిలోని ప్రధాన గీత తరంగదైర్ఘ్యం ఇనుముకు 1.936, కోబాల్టుకు 1.789, నికెలుకు 1.658, రాగికి 1.541 ఆంగ్‌స్ట్రాములు. కాంతి వేగాన్ని వీటితో భాగించి పౌనఃపున్యాన్ని కనుగొని, దాని వర్గమూలాన్ని పది కోట్ల ప్రమాణంలో వ్రాస్తే వరుసగా 12.44, 12.95, 13.45, 13.95 వస్తాయి. ఒక్కొక్క మూలకానికి దాదాపు 0.50 చొప్పున సమానంగా పెరుగుతున్నదన్నమాట. కాల్షియానికి ఈ విలువ 9.45, టైటానియానికి 10.44. ఇక్కడ భేదం 0.99, అంటే రెండు అడుగులు. మధ్యలో ఒక మూలకం ఉండి తీరాలని ఈ అంకెలే చెబుతున్నాయి. స్కాండియం పేరు ఎన్నడూ వినని వ్యక్తి అయినా ఈ గ్రాఫు చూసి అక్కడ ఒక ఖాళీ ఉన్నదని చెప్పగలడు.

ఇప్పుడు ఇవే విలువలను పరమాణు భారాలకు ఎదురుగా గుర్తించి చూద్దాం. ఇనుము 55.85, కోబాల్టు 58.93, నికెలు 58.69, రాగి 63.55. ఇనుము నుంచి కోబాల్టు వరకు బిందువు కుడివైపు జరుగుతుంది. నికెలు వద్ద వెనక్కు వస్తుంది. రాగి వద్ద ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ చుక్కల మీదుగా నున్నని రేఖ ఏదీ పోదు. భారానికి బదులు వరుస సంఖ్యలైన 26, 27, 28, 29లను అడ్డు అక్షం మీద తీసుకొంటే నాలుగు చుక్కలూ దారం పట్టి నిలిపినట్లు ఒకే వరుసలో ఉంటాయి. కోబాల్టు ముందా, నికెలు ముందా అనే పాత వివాదం అక్కడితో సమసిపోయింది. మూలకానికి మూలమైన లక్షణం భారం కాదు, వరుస సంఖ్య. ఆ వరుస సంఖ్య కేంద్రకంలోని ధనావేశాల లెక్క. నాటి నుంచి అది పరమాణు సంఖ్యగా శాస్త్రంలో స్థానం సంపాదించుకొంది. ఆ రేఖ వాలు బోర్ సిద్ధాంతం నుంచి లెక్కించిన విలువకు సన్నిహితంగా వచ్చింది. రేఖను కిందికి పొడిగిస్తే అది సున్నా వద్ద గాక, పరమాణు సంఖ్య 1కి దగ్గరగా అక్షాన్ని తాకుతుంది. కేంద్రకం ఆకర్షణలో ఒక ప్రమాణాన్ని లోపలి ఎలక్ట్రాను మరుగుపరుస్తున్నదని తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని వివరించారు. ఈ విధంగా రేఖ వాలు ఒక విషయం చెప్పింది; అది అక్షాన్ని ఖండించిన చోటు మరొక విషయం చెప్పింది. ఈ ఫలితాలతో మోస్లే మొదటి వ్యాసం 1913 డిసెంబరులో ఫిలసాఫికల్ మ్యాగజైన్ అనే శాస్త్రపత్రికలో వెలువడింది.

ఆ వ్యాసం అచ్చయ్యే నాటికే మోస్లే మాంచెస్టర్ విడిచి ఆక్స్‌ఫర్డ్ చేరుకొన్నాడు. రూథర్‌ఫర్డ్ అతనిని తన దగ్గరే ఉంచుకోవాలని కోరుకొన్నా, తల్లికి చేరువలో ఉండాలనే కోరిక, స్వతంత్రంగా పనిచేయాలనే తపన అతనిని స్వస్థలానికి రప్పించాయి. ఆక్స్‌ఫర్డ్‌లో అతనికి ఉద్యోగం లేదు, జీతం లేదు. ఆచార్య టౌన్‌సెండ్ ప్రయోగశాలలో పనిచేసుకోవడానికి కాస్త చోటు దొరికింది. అక్కడే మిగిలిన మూలకాల మీద పని మొదలుపెట్టాడు. తేలికైన మూలకాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు గాలిలోనే శోషణం చెందుతాయి. అందుచేత స్ఫటికాన్నీ, ఛాయాచిత్ర ఫలకాన్నీ కూడ గాలి తీసివేసిన పాత్రలోనే ఉంచవలసి వచ్చింది. కొన్ని మూలకాలు లోహరూపంలో దొరకవు. వాటి లవణాలను పొడిచేసి వాడవలసి వచ్చింది. ఇన్ని చిక్కుల మధ్య కొద్ది నెలలలోనే అల్యూమినియం మొదలు బంగారం వరకు కొలతలు పూర్తిచేశాడు.

1914 ఏప్రిల్‌లో అదే పత్రికలో రెండవ వ్యాసం వెలువడింది. ప్రపంచ ప్రసిద్ధమైన గ్రాఫు అందులోనే ఉంది. నిలువు అంచున 13వ సంఖ్య గల అల్యూమినియం నుంచి 79వ సంఖ్య గల బంగారం వరకు మూలకాల పేర్లు సమాన దూరాలలో వ్రాసి ఉన్నాయి. అడుగు అంచున పౌనఃపున్య వర్గమూలం స్కేలు, పై అంచున తరంగదైర్ఘ్యం స్కేలు గుర్తించి ఉన్నాయి. అందువల్ల పాఠకుడు ఏ బిందువును చూసినా, సిద్ధాంతానికి కావలసిన రాశినీ, ప్రయోగంలో కొలిచిన రాశినీ ఒకే చూపులో చదువుకోగలడు. కె శ్రేణి గీతలు ఒక జట్టుగా, ఎల్ శ్రేణి గీతలు మరొక జట్టుగా వాలుగా పైకి సాగాయి. కొన్ని రేఖలు కొద్దిగా వంగినట్లు కనిపిస్తాయి. సిద్ధాంతం సరళరేఖను కోరుతున్నది గదా అని మోస్లే చుక్కలను పక్కకు జరపలేదు. చుక్కలు ఎటు పోతే రేఖను అటే పోనిచ్చాడు. ఆ చిన్న వంపులకు కూడ కారణాలున్నాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి. కొలిచిన అంకె పట్ల చూపవలసిన గౌరవం అటువంటిది.

ఆ గ్రాఫులో అన్నిటికంటె ఆశ్చర్యకరమైనవి ఖాళీలు. మూలకాలను సమాన దూరాలలో పేర్చి, బిందువులన్నీ రేఖ మీదికి రావాలంటే కొన్ని వరుసలను శూన్యంగా వదలవలసి వచ్చింది. వ్యాసంలో మోస్లే 43, 61, 75 సంఖ్యలు గల మూడు మూలకాలు ఇంకా దొరకవలసి ఉన్నదని పేర్కొన్నాడు. అంతకుముందు కూడ తెలియని మూలకాలను ఊహించినవారున్నారు. కాని ఇన్నే ఉన్నాయి, ఇక్కడే ఉన్నాయి అని లెక్కగట్టి చెప్పగలగడం అదే మొదలు. వెదకవలసిన మూలకం ఏ తరంగదైర్ఘ్యం గల కిరణాన్ని వెలువరిస్తుందో కూడ రేఖ మీది శూన్యస్థానం నుంచి ముందుగానే చదువుకోవచ్చు.

ఈ పద్ధతి శక్తికి త్వరలోనే ఒక పరీక్ష ఎదురైంది. విరళ మృత్తికలనే మూలకాల ధర్మాలు ఒకదానితో ఒకటి ఎంతగానో పోలి ఉంటాయి. వాటిని వేరుచేయడం రసాయనశాస్త్రంలో కఠోర తపస్సు వంటిది. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త జార్జి ఉర్బెయిన్ ఆ తపస్సులో ఎన్నో ఏళ్లు గడిపినవాడు. సెల్టియం అనే కొత్త మూలకాన్ని కనుగొన్నానని అతడు 1911లో ప్రకటించి ఉన్నాడు. 1914లో ఉర్బెయిన్ తన అమూల్యమైన నమూనాలను తీసుకొని ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చాడు. మోస్లే వాటిని తన పరికరంలో ఉంచి చూశాడు. సెల్టియం అనుకొన్న దానిలో అప్పటికే తెలిసిన ఇటర్బియం, లుటీషియముల గీతలు తప్ప కొత్త గీత కనిపించలేదు. ఏళ్ల తరబడి సాగిన శ్రమకు కొద్దిరోజులలో తీర్పు వచ్చింది. ఆ తీర్పు ఉర్బెయిన్‌కు ప్రతికూలమైనదే. అయినా ఆ పెద్ద శాస్త్రవేత్త యువకుని పద్ధతిని మెచ్చుకొన్నాడే తప్ప అలగలేదు. 72వ స్థానం కూడ ఖాళీయే అనే విషయం ఈ విధంగా వెలుగులోకి వచ్చింది.

అదే వేసవిలో మోస్లే తల్లితో కలిసి ఆస్ట్రేలియాకు బయలుదేరాడు. శాస్త్రాభివృద్ధికై ఏర్పడిన బ్రిటిష్ సంఘం ఆ ఏడు తన సభలను అక్కడ జరిపింది. రూథర్‌ఫర్డ్ కూడ ఆ సభలకు హాజరైనాడు. వారు ఇంకా ప్రయాణంలో ఉండగానే 1914 ఆగస్టులో బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. సభలలో తన వంతు పని ముగించుకొని మోస్లే ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు. ప్రయోగశాలకు వెళ్లలేదు, సైన్యంలో చేరాలని పట్టుపట్టాడు. దేశం పిలిచినప్పుడు తన తరంవారందరూ వెళుతుంటే తాను మాత్రం వెనుకబడి ఉండడం ధర్మం కాదని అతని విశ్వాసం. రాయల్ ఇంజనీర్ల దళంలో వార్తా ప్రసార విభాగానికి అధికారిగా చేరాడు. 1915 వేసవిలో అతని దళం టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పానికి చేరింది. పోరాటంలోకి దిగేముందు మోస్లే వీలునామా వ్రాశాడు. తన ఆస్తిని శాస్త్ర పరిశోధనల నిమిత్తం లండనులోని రాయల్ సొసైటీకి చెందేటట్లు ఏర్పాటు చేశాడు. యుద్ధంలో ఉన్నా అతని మనస్సు ప్రయోగశాలనే స్మరిస్తున్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

1915 ఆగస్టు 10న చునుక్ బైర్ కొండల దగ్గర ఘోరమైన పోరు జరిగింది. టెలిఫోనులో సైనిక ఆజ్ఞను అందజేస్తూ ఉండగా శత్రు సైనికుని తుపాకి గుండు మోస్లే తలకు తగిలింది. అతడు అక్కడికక్కడే నేలకొరిగాడు. అప్పటికి వయస్సు ఇరవైఏడేళ్లు. వేలకొలది సైనికుల పేర్లతోబాటు అతని పేరు గల్లిపోలిలోని హెలెస్ స్మారకం మీద చెక్కబడి ఉంది. వార్త తెలిసి శాస్త్రలోకం శోకించింది. అటువంటి మేధావిని సామాన్య సైనికాధికారిగా వినియోగించడం దేశానికి తీరని నష్టమని రూథర్‌ఫర్డ్ బహిరంగంగా ఆవేదన వెలిబుచ్చాడు. ఆ ఏడాది నోబెల్ బహుమతికి అతని పేరును స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ సూచించి ఉన్నాడు. ఆ బహుమతిని అందుకొనే అవకాశం విధి మోస్లేకు ఇవ్వలేదు. అతని మార్గంలోనే ఎక్స్ కిరణ వర్ణపటాలను మరింత సూక్ష్మంగా పరిశోధించిన సీగ్‌బాన్ 1924వ సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పొందాడు.

మోస్లే లేడు కాని అతని గ్రాఫులోని ఖాళీలు శాస్త్రజ్ఞులను పిలుస్తూనే ఉన్నాయి. 1923లో కోపెన్‌హాగన్ నగరంలో కోస్టర్, హెవెసీలు ఎక్స్ కిరణాల సాయంతో 72వ మూలకాన్ని కనుగొని దానికి హాఫ్నియం అని పేరు పెట్టారు. 1925లో జర్మనీ శాస్త్రజ్ఞులు 75వ మూలకమైన రేనియంను గుర్తించారు. 43వ మూలకం టెక్నీషియం 1937లోను, 61వ మూలకం ప్రొమీథియం 1945లోను దొరికాయి. చివరి రెండూ రేడియోధార్మిక మూలకాలు. భూమిలో మిక్కిలి అరుదైనవి కాబట్టే అంతకాలం అవి ఎవరి చేతికీ చిక్కలేదు. 1914లో చూపిన మూడు ఖాళీలు, ఆ తరువాత తేలిన నాలుగవ ఖాళీ, మొత్తం నాలుగు స్థానాలు నిండడానికి ముప్పైఒక్క సంవత్సరాలు పట్టింది. దొరికిన ప్రతి మూలకమూ ఆ యువకుడు కేటాయించి ఉంచిన స్థానంలోనే వచ్చి కూర్చుంది. నేటికీ ఒక పదార్థంలో ఏయే మూలకాలున్నాయో తెలుసుకోవడానికి వాడే ఎక్స్ కిరణ విశ్లేషణకు పునాది మోస్లే నియమమే.

మోస్లే పరిశోధనా జీవితం నాలుగేళ్లకు మించలేదు. మూలకాల ఎక్స్ కిరణాల మీద పనిచేసిన కాలం ఏడాది కూడ నిండలేదు. ఆ కొద్దికాలంలో అతడు సాధించిన దానికి అదృష్టమొక్కటే కారణం కాదు. ఏ రాశిని కొలవాలో ముందుగా ఆలోచించాడు. అన్ని నమూనాలను ఒకే పరికరంతో, ఒకే విధంగా కొలిచాడు. అంకెలలో దాగిన నియమం సరళరేఖగా బయటపడేటట్లు అక్షాలను ఎంచుకొన్నాడు. బిందువు చెప్పిన దానిని నిజాయితీతో ఆలకించాడు. ఖాళీ వచ్చిన చోట ఖాళీని దాచకుండా వదిలాడు. ఇంటర్మీడియట్ విద్యార్థి తన ప్రాక్టికల్ రికార్డులో గీసే గ్రాఫుకు కూడ ఇవే నియమాలు. పదునైన పెన్సిలుతో చిన్న చుక్కపెట్టడం, అక్షాల మీద రాశిని, ప్రమాణాన్ని వ్రాయడం, కాగితం నిండేటట్లు స్కేలును ఎంచుకోవడం, రేఖను చుక్కచుక్కకు విరవకుండా అన్నిటి మధ్యగా నున్నగా నడపడం, రేఖకు దూరంగా నిలిచిన చుక్కను చెరిపివేయక మళ్లీ కొలిచి చూడడం కేవలం మార్కుల కోసం ఏర్పడిన ఆచారాలు కావు. అవి ప్రకృతి ఇచ్చే సమాధానాన్ని తప్పు లేకుండా వినే మార్గాలు. ఆ మార్గాన నడిచినందువల్లనే ఇరవైఆరేళ్ల యువకుని చేతిలో ఒక కాగితం మూలకాల చరిత్రను మార్చింది. చునుక్ బైర్ కొండల మీద ఆ చేయి ఆగిపోయినా, అది గీసిన రేఖ మాత్రం ఆగలేదు.